టీకా వద్దన్నవారి ప్రీమియం

2021 ఆగస్టు 25న డెల్టా ఎయిర్‌లైన్స్ సీఈఓ ఎడ్ బాస్టియన్ తన ఉద్యోగులకు ఒక లేఖ పంపారు. కంపెనీ ఆరోగ్య బీమాలో ఉంటూ కోవిడ్ టీకా వేయించుకోనివారు నవంబరు 1 నుంచి నెలకు 200 డాలర్లు అదనంగా కట్టాలని అందులో ఉంది. కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరిన ఒక్కో ఉద్యోగి మీద సగటున 50 వేల డాలర్లు ఖర్చవుతోందని, ఇటీవలి వారాల్లో అలా చేరినవారిలో టీకా పూర్తిగా వేయించుకున్నవారు ఒక్కరూ లేరని ఆయన కారణం చెప్పారు. అప్పటికి ఆ సంస్థలో నాలుగింట మూడొంతుల మందికి టీకా పడింది. మిగిలిన ఇరవై వేల మందిలో దాదాపు ఐదో వంతు మంది లేఖ వచ్చిన రెండు వారాల్లోనే వేయించుకున్నారు. ఎనిమిది నెలలు తిరగకముందే, 2022 ఏప్రిల్‌లో, కంపెనీ ఆ అదనపు వసూలును ఎత్తేసింది.

ఆ వసూలు ఆగిపోయింది కానీ, అది లేపిన ప్రశ్న ఇంకా తేలలేదు. టీకా ఉచితంగా, ఇంటి దగ్గరలోనే దొరుకుతున్నప్పుడు వద్దన్న మనిషి చికిత్స ఖర్చును మిగతావారి ప్రీమియం ఎందుకు మోయాలి? ఇలా అడిగినవారిని మనసులేనివారని కొట్టిపారేయడం అన్యాయం. అమెరికాలో 2021 జూన్ నుంచి నవంబరు వరకు, టీకా వేయించుకుని ఉంటే తప్పిపోయే కోవిడ్ ఆస్పత్రి చేరికల ఖర్చు 1,380 కోట్ల డాలర్లని కైసర్ ఫ్యామిలీ ఫౌండేషన్ అంచనా వేసింది. ఆ డబ్బులో పెద్ద భాగం కంపెనీల బీమా నిధుల నుంచి, ప్రభుత్వ పథకాల నుంచి పోయింది. అంటే పన్నులూ ప్రీమియంలూ కట్టే జనం జేబుల్లోంచి పోయింది. ఊబకాయం, మధుమేహం లాంటివాటికి మనిషిని బాధ్యుణ్ణి చేయడం కష్టం. వాటి వెనక వంశం ఉంటుంది, పేదరికం ఉంటుంది, తినే తిండి ఉంటుంది. టీకాకు కావలసింది ఒక పూట సమయం. అదనపు ప్రీమియం కోరేవారి చేతిలో ఇంతకంటే బలమైన వాదన లేదు, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అయినా నా అభిప్రాయం వాళ్లకు ఎదురుగానే ఉంది. టీకా కోసం ఒత్తిడి తేవడం తప్పని నేను అనను. ఆస్పత్రి సిబ్బందికి, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవారికి టీకా తప్పనిసరి చేయడం సరైన పనే. నా అభ్యంతరం ఆ ఒత్తిడిని తెచ్చి బీమా ప్రీమియంలో పెట్టడం మీద.

ముందు అమెరికా చట్టం ఏమంటుందో చూడాలి. చాలామంది అక్కడి బీమా కంపెనీలే టీకా లేనివారి రేటు పెంచాయనుకుంటారు. అది చట్టరీత్యా కుదరదు. 2010 నాటి అఫోర్డబుల్ కేర్ యాక్ట్ ప్రకారం వ్యక్తిగత పాలసీలకు, చిన్న సంస్థల పాలసీలకు రేటు నాలుగు విషయాలను బట్టే మారాలి: వయసు, ఉండే ప్రాంతం, కుటుంబంలో ఎంతమంది ఉన్నారన్నది, పొగాకు అలవాటు. వయసు తేడాకు మూడు రెట్లు, పొగాకుకు ఒకటిన్నర రెట్లు పరిమితి. అప్పటికే ఉన్న జబ్బు పేరు చెప్పి పాలసీ నిరాకరించడమో, రేటు పెంచడమో మానిపించడానికి పోరాడి తెచ్చుకున్న నియమం ఇది. టీకా ఆ జాబితాలో లేదు.

డెల్టా పట్టింది వేరే దారి. అమెరికాలో పెద్ద కంపెనీలు చాలావరకు ఉద్యోగుల చికిత్స ఖర్చును తమ నిధి నుంచే భరిస్తాయి. బీమా సంస్థ కార్డులిచ్చి, క్లెయిములు చూసి, లెక్కలు రాస్తుంది. అలాంటి కంపెనీలు ‘వెల్‌నెస్ ప్రోగ్రామ్’ పేరుతో ఆరోగ్యకరమైన పని చేసినవారికి ప్రీమియం తగ్గించవచ్చు, చేయనివారికి పెంచవచ్చు. ఈ తేడా ఉద్యోగి బీమా మొత్తం ఖర్చులో 30 శాతం దాటకూడదు. పొగాకు విషయంలో 50 శాతం వరకు వెళ్లవచ్చు. 2021 అక్టోబరు 4న అమెరికా కార్మిక, ఆరోగ్య, ఆర్థిక శాఖలు కలిసి ఇచ్చిన వివరణతో కోవిడ్ టీకా కూడా ఈ గొడుగు కిందికి చేరింది. వైద్య కారణాల వల్ల టీకా పడనివారికి మరో మార్గం చూపాలన్నది షరతు. ఆ ఏడాది కంపెనీ బీమాలో ఒంటరి ఉద్యోగి మీద సగటు వార్షిక ఖర్చు 7,739 డాలర్లు. అందులో 30 శాతం అంటే సుమారు 2,320. డెల్టా అడిగింది ఏడాదికి 2,400. సగటు లెక్కన చూస్తే, చట్టం గీసిన గీతను కాస్త దాటిన సొమ్ము అది. క్రోగర్ సూపర్‌మార్కెట్లు జీతగాళ్ల మీద వేసింది నెలకు 50 డాలర్లే, గంటల లెక్కన కూలి తీసుకునేవారి జోలికి పోలేదు.

ఇక్కడ ఇంకో మడత ఉంది. ఉద్యోగి వాటా ఆదాయంలో చట్టం నిర్ణయించిన శాతాన్ని దాటితే కంపెనీ బీమా భారమైనదిగా లెక్కకొస్తుంది, కంపెనీ మీద జరిమానా పడే ప్రమాదం ఉంటుంది. టీకా సర్‌చార్జి విషయంలో ప్రభుత్వం ఏమందంటే, భారాన్ని లెక్కగట్టేటప్పుడు ఉద్యోగులందరూ ఆ అదనపు సొమ్ము కడుతున్నట్టే చూడాలంది. తక్కువ జీతాలిచ్చే సంస్థలకు ఇది ఇబ్బందే. అలా ఈ పద్ధతి జీతాలు బాగుండే సంస్థలకే ఎక్కువ వీలయింది. అప్పటికి అమెరికాలో టీకా అందనివారిలో చాలామంది రోజు కూలి పోతుందన్న భయంతో, జ్వరం వస్తే సెలవుండదన్న భయంతో ఆగినవారు. వాళ్లను చేరడానికి ఈ దారి పనికిరాలేదు.

అసలు ఇది బీమా లెక్కేనా అన్న అనుమానం నాకు మొదటినుంచీ ఉంది. బీమా అంటే ప్రమాదాన్ని కొలిచి ధర కట్టడం. కోవిడ్‌లో అన్నిటికంటే పెద్ద ప్రమాదం వయసు. టీకా లేని పాతికేళ్ల యువకుడి కంటే, టీకా లేని డెబ్బై ఏళ్ల పెద్దాయన ఆస్పత్రిలో చేరే అవకాశం అనేక రెట్లు ఎక్కువ. నిజంగా ఖర్చును బట్టే వసూలు చేయాలంటే, టీకా లేని అరవై ఏళ్ల ఉద్యోగి నుంచి అనేక రెట్లు తీసుకోవాలి, యువకుడి నుంచి నామమాత్రం తీసుకోవాలి. డెల్టా అందరికీ 200 డాలర్లే పెట్టింది. ఒకే రేటు పెట్టగానే అది ధర లక్షణం పోగొట్టుకుని జరిమానా అయింది. జరిమానా వేయవచ్చా, ఎవరు వేయాలి, ఎవరికి అప్పీలు చేసుకోవాలి అన్నవి ప్రజాస్వామ్యంలో శాసనసభలు, కోర్టులు తేల్చాల్సిన విషయాలు. యజమాని హెచ్ఆర్ విభాగం తేల్చేవి కావు.

పైగా టీకా వేయించుకోనివారు సమాజానికి చేసే పెద్ద నష్టం ప్రీమియం లెక్కలోకి రానే రాదు. ఐసీయూ పడకలు నిండిపోయి ఎవరి గుండె ఆపరేషనో వాయిదా పడింది. ఎవరికో కీమోథెరపీ ఆలస్యమైంది. నర్సులు రోజుల తరబడి పీపీఈ కిట్లలో ఉక్కిరిబిక్కిరయ్యారు. ఆ 200 డాలర్లలో ఒక్క డాలరూ వాళ్లలో ఎవరికీ చేరదు. కంపెనీ నిధిలోకి వెళ్తుంది.

పొగాకు ఉదాహరణ చూస్తే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. పొగతాగేవారికి అదనపు ప్రీమియం వేయడాన్ని అఫోర్డబుల్ కేర్ యాక్ట్ అనుమతించాక ఏం జరిగిందో పరిశీలించిన ఒక అధ్యయనం 2016లో ‘హెల్త్ అఫైర్స్’ పత్రికలో వచ్చింది. అదనపు రేటు పడినచోట పొగతాగేవారిలో బీమా తీసుకున్నవారు తగ్గారు. పొగ మానినవారు మాత్రం పెరగలేదు. ఖరీదైన బీమా నుంచి మనుషులు తప్పుకుంటారు, అలవాటు నుంచి తప్పుకోరు. తప్పుకున్నవాడు జబ్బు పడితే ఖర్చు మళ్లీ అందరి నెత్తినా పడుతుంది, ఆలస్యంగా, ఇంకా ఎక్కువగా.

మరి డెల్టాలో ఫలితం వచ్చింది కదా అంటే, వచ్చింది. అయితే ఆ లేఖలో సర్‌చార్జి ఒక్కటే లేదు. టీకా లేనివారికి సెప్టెంబరు 12 నుంచి వారం వారం పరీక్ష తప్పనిసరి అని, కోవిడ్ వస్తే ఇచ్చే ప్రత్యేక జీతపు సెలవు సెప్టెంబరు 30 తర్వాత పూర్తి టీకా ఉన్నవారికే అని కూడా ఉంది. ఏది ఎంత పనిచేసిందో విడదీయలేం. అదే సమయంలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సూటిగా టీకా లేకపోతే ఉద్యోగం లేదంది. సెప్టెంబరు ఆఖరుకి, మినహాయింపు కోరినవారిని పక్కనపెడితే, అక్కడ 99 శాతానికి పైగా టీకా వేయించుకున్నారు. ఆ నిర్ణయం కఠినమే, కానీ అందులో దాపరికం లేదు. జీతం ఎక్కువున్నవాడు డబ్బు కట్టి తప్పించుకునే వెసులుబాటు కూడా లేదు. పైలట్‌కు నెలకు 200 డాలర్లు ఎంత, సామాన్లు మోసే కార్మికుడికి ఎంత అన్న ప్రశ్న సర్‌చార్జి పద్ధతిలో ఎప్పుడూ వెంటాడుతుంది.

ఈ ప్రశ్నకు పాత చరిత్ర ఉంది, అది మరిచిపోకూడనిది. ఇంగ్లండ్‌లో 1853లో పసిపిల్లలకు మశూచి టీకా తప్పనిసరి చేశారు. వేయించని తల్లిదండ్రులకు జరిమానా పెట్టారు. 1867 చట్టం ఆ జరిమానాను మళ్లీ మళ్లీ వేసే వీలు కల్పించింది. ఉన్నవాళ్లు కట్టేసి పోయారు. కూలీలు, చేతివృత్తులవారు కట్టలేకపోతే వాళ్ల ఇళ్లలో కుర్చీలు, మంచాలు జప్తు చేశారు, కొందరిని జైలుకు పంపారు. లెస్టర్ పట్టణం వ్యతిరేకతకు కేంద్రమైంది. 1885 మార్చిలో అక్కడ వేలాదిమందితో భారీ ప్రదర్శన జరిగింది. రాయల్ కమిషన్ ఏళ్ల తరబడి విచారించింది. చివరికి 1898లో మనస్సాక్షి మేరకు వద్దనే హక్కును చట్టంలో చేర్చారు. టీకా మంచిదే. మశూచి మీద అంతకు మించిన ఆయుధం మనిషికి దొరకలేదు. కానీ పేదవాడి మంచం జప్తు చేసి టీకా మీద నమ్మకం పెంచలేకపోయారు. వ్యతిరేకతకు ఒక తరం పాటు బలమైన కారణం అందించారు.

అమెరికాలో 1905లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన జేకబ్సన్ కేసు కూడా జరిమానా గురించే. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి పట్టణంలో మశూచి టీకా నిరాకరించిన హెన్నింగ్ జేకబ్సన్‌కు 5 డాలర్ల జరిమానా పడింది. కోర్టు దాన్ని సమర్థించింది. టీకా చట్టాల మీద ఇప్పటికీ ఈ తీర్పునే ముందుగా ఉటంకిస్తారు. అక్కడ జరిమానా వేసింది రాష్ట్ర చట్టం, కట్టించింది కోర్టు. ఆయన వైద్యానికి ఎవరూ అదనంగా వసూలు చేయలేదు.

కోవిడ్ కాలంలో ఇతర దేశాలు చేసిన ప్రయత్నాలు చాలావరకు కొద్ది నెలల్లోనే ముగిశాయి. గ్రీస్ 2022 జనవరి నుంచి అరవై దాటినవారిలో టీకా లేనివారికి నెలకు 100 యూరోల జరిమానా వేసి, ఏప్రిల్‌లో ఆపేసింది. ఆస్ట్రియా పెద్దలందరికీ టీకా తప్పనిసరి చేస్తూ ఫిబ్రవరిలో చట్టం తెచ్చి, మార్చిలో పక్కనపెట్టి, తర్వాత రద్దు చేసింది. కెనడాలోని క్యుబెక్‌ది మన ప్రశ్నకు దగ్గరి ఉదాహరణ. అక్కడి ప్రీమియర్ ఫ్రాన్స్వా లెగో 2022 జనవరి 11న టీకా లేని పెద్దలంతా ‘ఆరోగ్య చందా’ కట్టాలని ప్రకటించారు. జనాభాలో పదో వంతు ఉన్నవాళ్లు ఐసీయూల్లో సగం పడకలు నింపుతున్నారన్నది ఆయన వాదన. ప్రకటన రాగానే మొదటి డోసు అపాయింట్‌మెంట్లు పెరిగాయి. మూడు వారాలకే, సమాజం రెండుగా చీలిపోతోందంటూ, ఆయనే వెనక్కి తీసుకున్నారు.

సింగపూర్ నిర్ణయాన్ని పొరపాటుగా అర్థం చేసుకోవడం తేలిక. కోవిడ్ చికిత్స ఖర్చును ప్రభుత్వం అప్పటిదాకా పూర్తిగా భరించేది. 2021 డిసెంబరు 8 నుంచి, అర్హత ఉండీ టీకా వద్దన్నవారికి ఆ ప్రత్యేక సాయం ఆపేసింది. వాళ్లు మామూలు రోగుల్లాగే సబ్సిడీలు, జాతీయ బీమా అయిన మెడిషీల్డ్ లైఫ్ వాడుకోవచ్చంది. అంటే అక్కడ బీమాను ముట్టుకోలేదు, అదనంగా ఇచ్చిన వరాన్ని వెనక్కి తీసుకుంది. ఈ తేడా చిన్నది కాదు. మన దేశంలో కేరళ ముఖ్యమంత్రి పినరయి విజయన్ 2021 నవంబరు ఆఖరులో, వైద్య కారణం లేకుండా టీకా వద్దన్నవారికి ఉచిత కోవిడ్ చికిత్స ఉండదని ప్రకటించారు. సింగపూర్‌తో పోలిక ఉన్నా, సర్కారు దవాఖానా తప్ప గతిలేని కుటుంబం మీద ఆ మాట బరువు వేరు.

‘టీకా వేయించుకోనివారు’ ఎవరన్నది కూడా తేలికైన లెక్క కాదు. తెలుగువారికి ఇది దగ్గరి అనుభవం. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ రెండు డోసులూ వేయించుకుని 2021 వేసవిలో అమెరికా చదువులకు సిద్ధమైన పిల్లలను, అక్కడి కొన్ని విశ్వవిద్యాలయాలు మళ్లీ వేరే టీకా వేయించుకోమన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి ఆ ఏడాది నవంబరు 3న గానీ రాలేదు. ఒకే మనిషి ఒంట్లో అవే యాంటీబాడీలు, నవంబరు 2న లెక్కలోకి రాలేదు, 4న వచ్చాయి. జబ్బు వచ్చి కోలుకున్నవారిని ఏ గడిలో వేయాలి? బూస్టరు వేయించుకోనివారిని? ఒమిక్రాన్ వచ్చాక టీకా ఉన్నవారికీ ఇన్‌ఫెక్షన్ విరివిగా సోకింది. తీవ్ర జబ్బు నుంచి రక్షణ చాలావరకు నిలిచినా, ‘పక్కవారికి అంటించకుండా’ అన్న వాదన బలహీనపడింది. ప్రీమియం ఏడాది పొడవునా నడిచేది. వైరస్ ఆ ఏడాదిలో రెండుసార్లు రూపు మార్చుకుంది. బాస్టియన్ లేఖ రాసిన కాలానికి, సర్‌చార్జి ఎత్తేసిన కాలానికి మధ్య శాస్త్రమే కదిలింది.

మన దగ్గర ఈ ప్రశ్న వేరే రూపంలో వస్తుంది. 2021–22లో దేశంలోని మొత్తం ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్నదే. పేద కుటుంబాలకు ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ ఉన్నాయి. వాటికి లబ్ధిదారుడు ప్రీమియం కట్టడు, పెంచడానికి అక్కడ ఏమీ లేదు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే కోవిడ్ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఇక మిగిలింది ఐటీ కంపెనీల గ్రూప్ పాలసీలు, మధ్యతరగతి తీసుకునే ఫ్యామిలీ ఫ్లోటర్లు. అక్కడైనా 2021 మే నెలలో ఏమైందో గుర్తు తెచ్చుకోవాలి. మే 1 నుంచి 18 ఏళ్లు దాటినవారందరికీ టీకా అన్నారు. టీకా నమోదు పోర్టల్ కోవిన్‌లో స్లాట్లు తెరిచిన క్షణాల్లో నిండిపోయేవి. స్మార్ట్‌ఫోన్ లేనివారి పరిస్థితి చెప్పనక్కర్లేదు. ప్రైవేటులో కోవిషీల్డ్ 780 రూపాయలు, కోవాగ్జిన్ 1,410 రూపాయలు అని ధరల పరిమితి జూన్‌లో వచ్చింది, అందరికీ ఉచితం జూన్ 21 నుంచి మొదలైంది. అలాంటి నెలల్లో టీకా లేదన్న కారణంతో ఎవరి ప్రీమియమైనా పెంచి ఉంటే, కొరతకు వాళ్లను శిక్షించినట్టయ్యేది.

2022 మే 2న జేకబ్ పులియెల్ కేసులో మన సుప్రీంకోర్టు, శరీరం మీద హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనలేరని చెప్పింది. అయితే ప్రజారోగ్యం కోసం పరిమితులు పెట్టవచ్చని, అవి పరిస్థితికి తగిన మోతాదులో ఉండాలని కూడా అంది. నాకు ఈ తీర్పులో నచ్చింది ఆ మోతాదు అన్న మాటే. మనిషి ఏ సినిమా హాలుకు వెళ్లవచ్చన్నది ఒక పరిమితి. వైద్యం అందుతుందా లేదా అన్నదాన్ని కదిలించడం మోతాదు మించడం.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2023 జనవరిలో, మూడు డోసులు వేయించుకున్నవారికి రెన్యువల్‌లో తగ్గింపు ఇచ్చే విషయం పరిశీలించమని బీమా సంస్థలకు సూచించింది. తగ్గింపు, పెంపు ఒకే లెక్కకు రెండు వైపులని కొందరు ఆర్థికవేత్తలు అంటారు. కాగితం మీద నిజమే. మనుషుల్లో కాదు. తగ్గింపు రాలేదని ఎవరూ పాలసీ వదులుకోరు. పెంపు పడితే వదులుకునేవాళ్లు ఉంటారు, వాళ్లలో వయసు మళ్లినవారు, పెన్షన్ మీద బతికేవారు ఉంటారు. కాబట్టి తగ్గింపుకు నేను వ్యతిరేకం కాదు.

పోలియోను ఈ దేశం ఎలా గెలిచిందో చూసినవాళ్లకు ఇంకో దారి తెలుసు. చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో వందల గ్రామాలు చుక్కలను అనుమానించిన రోజుల్లో, ఇంటింటికీ తిరిగిన స్థానిక మహిళలు, మసీదుల నుంచి మాట్లాడిన మత పెద్దలు, రైల్వే స్టేషన్లలో నిలబడ్డ కార్యకర్తలు తలుపులు తెరిపించారు. ఏ తల్లి మీదా రుసుము వేయలేదు. 2021 నవంబరులో మొదలైన ఇంటింటి కోవిడ్ టీకా కార్యక్రమం ‘హర్ ఘర్ దస్తక్’ కూడా ఆ అనుభవం మీద నిలబడ్డదే. మన ఊళ్లలో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం వచ్చి కూర్చుని అడిగితే, భయం చెప్పుకున్న ముసలమ్మ చెయ్యి చాపిన సందర్భాలు ఎన్నో.

బీమా సంస్థలకు టీకా మీద నిజంగా శ్రద్ధ ఉంటే చేయగలిగిన పని ఒకటి ఎదురుగా ఉంది. అమెరికాలో అఫోర్డబుల్ కేర్ యాక్ట్ కిందికి వచ్చే పాలసీలు, సిఫారసు చేసిన టీకాలకు రోగి నుంచి పైసా తీసుకోకూడదు. మన ఆరోగ్య పాలసీల్లో చాలావాటిలో టీకా ఖర్చు మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. కుక్క కరిచిన తర్వాత వేసే ఇంజెక్షన్‌కు డబ్బిస్తాయి, అరవై దాటినవారికి వైద్యులు చెప్పే ఫ్లూ, న్యుమోనియా టీకాలకు ఇవ్వవు. న్యుమోనియాతో ఐసీయూలో చేరితే లక్షల క్లెయిమ్ చెల్లిస్తారు, దాన్ని ఆపే కొన్ని వేల రూపాయల టీకాకు మాత్రం జేబులోంచి పెట్టుకోమంటారు. టీకా లేనివారి దగ్గర ఎక్కువ వసూలు చేయాలా అని చర్చించే ముందు, పెద్దల టీకాలను పాలసీల్లో ఉచితంగా చేర్చమని ఐఆర్‌డీఏఐ ఆదేశించాలి. ఆరోగ్యశ్రీ కార్డున్న వృద్ధులకు ప్రభుత్వాలే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అవి వేయించాలి.